పదిహేడో టోకెన్

"పదిహేడు" అని కేకేశాడు కూర్మనాథం.

కాశీబుగ్గలో ఎస్టీడీ బూతు పక్క గదిలో నడిచే ఉచిత సలహా కేంద్రంలో ఆయన వాలంటీరు. జీతం లేదు, భత్యం లేదు, కోపం మాత్రం ఉంది. రిటైరైన హెడ్మాస్టరు కదా, ఆ మాత్రం ఉండదూ. ఆయన బల్ల ముందు బావా, మావా అనే పిలుపులు చెల్లవు. మొన్న సొంత బావమరిది లైను తప్పించుకుని లోపలికొచ్చి "బావా" అనబోతే, టోకెనిచ్చి గంటన్నర బెంచీ మీద కూర్చోబెట్టాడు.

రత్నాలమ్మ తలుపు చెక్క తడుముకుంటూ వచ్చి టోకెన్ బల్ల మీద పెట్టింది. అరవై దగ్గరపడ్డ మనిషి. రెండో బస్సుకి వచ్చి, అప్పట్నించీ బయట కూర్చునుంది. పక్క బల్ల దగ్గరున్న వాలంటీరు సీతారాం ఆమెను చూసి గబుక్కున లేచాడు.

"మాస్టారూ, ఈ కేసు నేను చూస్తానండి."

"నంబరు నా బల్లది. నువ్వు కూర్చో."

సీతారాం కూర్చున్నాడు. కూర్మనాథం ఫారం తీశాడు.

"పేరు?"

"రత్నాలమ్మ."

"ఊరు?"

"అక్కుపల్లి, బాబూ."

"భర్త పేరు?"

రత్నాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తరం ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. ఆ ప్రశ్న దగ్గర రోజుకి పదిమంది ఇలాగే తలొంచుకుంటారు.

"సరే, ఆ గడి తరవాత నింపుదాం. కష్టం ఏమిటమ్మా?"

"కంట్లో పొర, బాబూ. ఎడం కన్ను పోయినట్టే. రెండోదీ మసకేత్తంది. ఆపరేసనుకి ఇంటిమనిషి తోడొచ్చి సంతకం ఎట్టాలంట. రెండుసార్లు డేటిచ్చినారు. రెండుసార్లూ మా ఇంటాయన రేపు, రేపు అన్నారు. ఈ గురువారం తప్పితే ఇంక సూపు రాదన్నారు డాట్రుగారు."

"ఇంట్లో గట్టిగా చెప్పకపోయారా?"

"ఎప్పుడు సెప్పను? తెల్లారితే బస్సెక్కీసి ఎలిపోతారు. సీకటి పడ్డాక వత్తారు. నోరిప్పితే, అలిసిపోయొచ్చాను, రేపు సూద్దాం అంతారు."

"తాగుతాడా?"

"నేదు, బాబూ."

"పేకాట?"

"నేదు."

ఫారంలో తరవాతి ప్రశ్న అడగడానికి కూర్మనాథం కాస్త గొంతు తగ్గించాడు. "బయట ఇంకో సంసారం ఏమైనా ఉందా?"

రత్నాలమ్మ ఎదురుగా ఉన్న బల్ల అంచు చేత్తో తడిమింది.

"అలాటిదే, బాబూ."

సీతారాం చేతిలో పెన్ను కింద పడింది. దానికోసం బల్ల కిందకి వంగినవాడు చాలాసేపటిదాకా లేవలేదు.

కూర్మనాథం మొహం ఎర్రబడింది. "కన్నతల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి బంగారు గాజులు చేయిస్తానన్నాడట. ఇలాంటి మనిషి నలుగురిలో ఎలా తిరుగుతున్నాడో నాకర్థం కాదు. పోనీ, మీ తమ్ముడైనా తోడు రాడా?"

"వత్తానన్నాడు. నాకాయనే రావాల. ఆయన మొకం సక్కగా సూసి ఏడాదవుతంది, బాబూ. కట్టిప్పీసరికి ఎదురుగుండా ఆయనుండాల."

కూర్మనాథం కళ్లజోడు తీసి తుడుచుకుని, కార్బన్ కాగితం పెట్టి నోటీసు రాయడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దిన చెయ్యి, కాగితం చిరుగుతుందేమో అన్నంతగా నొక్కి రాసింది. రాసింది ఆమెకి పైకి చదివి వినిపించాడు.

"అయ్యా, కట్టుకున్న భార్యకి చూపు లేకుండా చేసే హక్కు మీకెవరిచ్చారు? గురువారం ఉదయం ఏడు గంటలకు ఆమె చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లవలెను. కాదంటే మా వాలంటీరే స్వయంగా మీ ఇంటికొచ్చి, మీరు కదిలేదాకా అక్కడే కూర్చుంటాడు."

"అలాగైనా ఇంటికాడ కూకుంతే అదే పదేలు, బాబూ" అంది రత్నాలమ్మ.

సీతారాం దగ్గుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

కూర్మనాథం నోటీసు మీద కేంద్రం ముద్ర కొట్టాడు. అవతలివాళ్లు అందుకున్నట్టు సంతకం పెడితేగాని ఇక్కడ ఏ కేసూ ముందుకి నడవదు. ఆ నిబంధన పెట్టిందీ ఆయనే.

"ఇది ఎవులట్టుకెల్తారు, బాబూ? ఆయన పుచ్చుకుంతారంతారా?" అని మెల్లిగా అడిగింది రత్నాలమ్మ.

కూర్మనాథం ఫారం దగ్గరికి లాక్కుని, భర్త పేరు అని ఇందాక ఖాళీగా వదిలేసిన గడిలో తన పేరు రాసి, నోటీసు అందినట్టు పక్కనే సంతకం పెట్టాడు.