ఉమ్మడి సంతకం

రెండో బస్సు దిగేసరికి మేవిస్ మోకాళ్లు మాట వినడం మానేశాయి. ఫిబ్రవరి వాన సన్నగా, వదలకుండా పడుతోంది. ఊరికి ఒక కొసనున్న లాంగ్టన్ నుంచి ఇంకో కొసనున్న టన్‌స్టాల్‌కి ప్రతి గురువారం ఇదే ప్రయాణం. సంచిలో దరఖాస్తు, దాని కింద డబ్బాలో మాంసం కూర.

మెట్ల దగ్గర కింది వాటా ఆవిడ ఎదురైంది.

"ఆ బ్యాంకు గొడవ ఇంకా తేలలేదా?"

"ఆ మనిషితో ఏదైనా తేలుతుందా?" అంది మేవిస్, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ.

ఆ మనిషి క్లిఫర్డ్. ఇద్దరికీ విడాకులై తొమ్మిదేళ్లు. కాపురం చేసే రోజుల్లో వంటగది బాగుచేయించుకోవడానికి ఇద్దరి పేరు మీదా బ్యాంకులో అప్పు తీసుకున్నారు. అప్పుతో పాటు బ్యాంకువాళ్లు ఒక బీమా అంటగట్టారు. ఉద్యోగం పోతే వాయిదాలన్నీ బీమానే కట్టేస్తుందన్నారు. తీరా పింగాణీ ఫ్యాక్టరీ మూతపడి క్లిఫర్డ్ రోడ్డున పడితే, కాంట్రాక్టు పనివాళ్లకు ఇది వర్తించదు పొమ్మన్నారు. అలా మోసపోయినవాళ్లకు దేశమంతటా బ్యాంకులు పరిహారం ఇచ్చాయి. కాకపోతే ఉమ్మడి అప్పుకు పరిహారం దరఖాస్తు మీద ఉమ్మడి సంతకం కావాలి.

తలుపు తీసిన క్లిఫర్డ్ ఊపిరి అందక గోడ పట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్లు మట్టి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులవి.

"మళ్లీ వచ్చావా?"

"నీ అందం చూసి పోదామని రాలేదు. సంతకం పెట్టు, పోతా."

"పెడతాలే. ముందు ఆ తలుపు వెయ్యి, చలి."

సింకు నిండా వారం గిన్నెలు. మేవిస్ కోటు కూడా విప్పకుండా తోమడం మొదలుపెట్టింది. సాయానికి మనిషిని పెడతామని కౌన్సిల్ వాళ్లు రెండుసార్లు వస్తే, రెండుసార్లూ గుమ్మంలోంచే పంపేశాడు క్లిఫర్డ్. తనకు ఎవరి జాలీ అక్కర్లేదట.

"మందులు వేసుకున్నావా?"

"నువ్వు సంతకానికొచ్చావా, నర్సు పనికొచ్చావా?"

"నువ్వు పోతే నా వాటా కూడా పోతుంది. అందుకని అడిగా."

క్లిఫర్డ్ నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. అది తగ్గేదాకా మేవిస్ తడి చేత్తోనే అతని వీపు రాస్తూ నిలబడింది.

ఓట్స్ అట్లలో చీజ్ పెట్టి వేడిచేసింది. తిన్నారు. అప్పుడు దరఖాస్తు బల్ల మీదికొచ్చింది. క్లిఫర్డ్ కళ్లద్దాలు పెట్టుకుని, జడ్జీలాగా మొదటి గీత నుంచీ చదివాడు.

"నా పుట్టినరోజు తప్పు రాశావు. పన్నెండు కాదు, ఇరవై ఒకటి."

"ఇరవై ఏడేళ్లు కాపురం చేశాను. నాకు తెలీదా?"

"తెలిస్తే సరిగ్గా రాసేదానివి."

పోయిన వారం అతని కళ్లద్దాలు కనపడలేదు. అంతకుముందు వారం అప్పు నంబరు దొరకలేదు. దానికి ముందు, సరిగ్గా సంతకం పెట్టబోతుంటే మేవిస్ చెయ్యి తగిలి కాగితమంతా టీ ఒలికింది.

మేవిస్ నిట్టూర్చి దరఖాస్తు మడిచింది. మంచం మీద దుప్పటి మార్చింది. వారానికి సరిపడా మాత్రలు రోజువారీగా సర్దింది. కూర డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి, దాని మీద 'శుక్రవారం లోపల తిను' అని రాసిన చీటీ అంటించింది.

"వచ్చే వారం కొత్త దరఖాస్తు తెస్తా. ఈలోగా ఆ పాత పాస్‌బుక్కు వెతికి ఉంచు."

"ఉంచుతాలే. ఆ మోకాళ్లతో రెండు బస్సులెక్కి ఎందుకు చస్తావు? పోస్టులో పంపొచ్చుగా."

"పంపితే చెత్తబుట్టలో పారేస్తావు. నిన్ను నమ్మే రోజులు ఎప్పుడో పోయాయి."

"అదీ నిజమే." మెట్ల మీద లైటు వేశాడు క్లిఫర్డ్. "గురువారమేగా?"

"గురువారమే."

బ్యాంకులు ఆ దరఖాస్తులు తీసుకోవడానికి ఆఖరి గడువు పోయిన ఆగస్టులోనే ముగిసింది. టీవీలో ఆ వార్త చెప్పిన సాయంత్రం మేవిస్, క్లిఫర్డ్ ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని దాన్ని చివరిదాకా విన్నారు.