పది గంటల దాకా ప్రసారం

“ఇది కిబలూడ్ పల్లె రేడియో. టైము ఆరున్నర. వంతెన దగ్గర కంపెనీ గార్డులు పన్నెండు మంది తుపాకులేసుకుని తడుస్తున్నారు. పాపం, ఎండుచేప ముక్కయినా తిన్నారో లేదో.”

మైకు ముందు కూర్చుని ఈ ముక్క తాపీగా చదివింది సిరియాక. యాభై దాటిన మనిషి. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ సిరియాకక్కే.

ఫిలిప్పీన్స్‌లో మాది మిందనావో దీవి. దీవి అంతటా వినపడే పెద్ద స్టేషన్లు వేరే ఉన్నాయి. ఇది మాది. వంతెనకు ఇవతల, సహకార సంఘం గిడ్డంగి మీద ఒక్క గది. చావు కబుర్లు, తప్పిపోయిన గేదెలు, మొక్కజొన్న ధరలు, ఏదైనా పద్దెనిమిదేళ్లుగా ఆమె గొంతులోంచే రావాలి.

ఆ రోజు సంగతి వేరు. పది గంటలకు పట్నంలో భూమి విచారణ. మా అరవై మూడు కుటుంబాల వాళ్లూ వెళ్లి, పేరు పిలిస్తే పలకాలి. పలకని వాళ్ల నేల అరటి కంపెనీదైపోతుంది. ఇంతకుముందు రెండు వాయిదాలూ వంతెన రిపేరు అని బోర్డు పెట్టి చెడగొట్టారు. ఇదే ఆఖరు వాయిదా. ఈసారి బోర్డు కూడా దండగనుకున్నారేమో, తెల్లారకముందే తుపాకులతో దిగారు. ఊళ్లోంచి బండి దారి ఆ వంతెన ఒక్కటే మరి.

గార్డుల పెద్ద గోర్గోనియో మెట్లెక్కి వచ్చాడు. బూట్ల నిండా బురద.

“కట్టెయ్ ఆ రేడియో.”

సిరియాకక్క మైకు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“కట్టేస్తా బాబూ, నాదేం పోయింది? పొద్దున్నే నా గొంతు ఆగితే అక్కకేమైందోనని కత్తులు పట్టుకుని దిగే ఊరు ఇది. మొన్నామధ్య మిషను చెడి ఆగితేనే డెబ్భై మంది వచ్చి పడ్డారు. నీ దగ్గరున్నది పన్నెండు మంది. కట్టెయ్యనా, ఉంచనా?”

అప్పుడే ఒక గార్డు రొప్పుతూ పైకొచ్చాడు.

“సార్, పై వీధి దాకా వెళ్లొచ్చాను. ఏ ఇంటి ముందు నిలబడ్డా ఈవిడ గొంతే. ముసురు కదా, తలుపులన్నీ వేసే ఉన్నాయి. రెండు మూడు తలుపులు కొట్టాను. తియ్యలేదు.”

“భయం,” అన్నాడు గోర్గోనియో. వాడి మొహం వెలిగింది. ఆమె వైపు తిరిగాడు. “మాట్లాడు. పది దాకా ఆపొద్దు. ఎవర్నీ ఇల్లు కదలొద్దని చెప్పు.”

“నీ దగ్గరేమైనా జీతానికున్నానా? చెప్పను.”

వాడు తుపాకీ తీసి బల్ల మీద పెట్టాడు.

“దాన్ని తియ్యి,” అందామె. “నీళ్లు కారి నా కాయితాలు తడుస్తున్నాయి.”

వాడు తుపాకీ తీసి, స్టూలు లాక్కుని కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆమె మైకు దగ్గరికి జరిగింది.

“వినండి. ఎవరూ ఇల్లు కదలొద్దని గోర్గోనియో గారి హుకుం. వాళ్ల తాతలు దున్నిన నేల కదా, మాట వినాలి మరి. నేను మాత్రం నోరు మూయను. ఆ కొండ వాలులో మా నాన్న కొబ్బరి మొక్కలు పాతిన నాటికి ఈ కంపెనీ పుట్టనే లేదు. విమానంతో మందు చల్లి బడిపిల్లల కళ్లు మండించింది ఎవరు? వాగు మళ్లించి మన మడులు ఎండగట్టింది ఎవరు? పేర్లతో సహా చెబుతా, రాసుకునేవాళ్లు రాసుకోండి.”

చెప్పింది. పేరుపేరునా, ఊరుపేరుతో సహా కడిగేసింది. గోర్గోనియో బావమరిదిని కూడా వదల్లేదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

“ఆపిద్దామా సార్?” అని గార్డు అడిగాడు.

“వాగనీ. ఇది వాగినంతసేపూ జనం కొంపల్లోనే ఉంటారు.”

తొమ్మిదిన్నర ప్రాంతంలో కింద జనరేటరు దగ్గింది. గదిలో దీపం రెపరెపలాడింది.

“డీజిలు అయిపోయింది బాబూ,” సిరియాకక్క లేచి తన పాత శాలువా భుజాన వేసుకుంది. “నా పనైపోయింది. ఇంటికి పోతా.”

“కూర్చో,” అని అరిచాడు గోర్గోనియో. కిటికీలోంచి తల బయటపెట్టి, “ఒరేయ్, జీపులో డబ్బా పట్టుకురండిరా, త్వరగా.”

ఇద్దరు గార్డులు వానలో పరిగెత్తారు. డబ్బా మొత్తం జనరేటర్లో వంపారు. అది మళ్లీ అందుకుంది.

“శ్రోతలకు నమస్కారం,” అందామె కూర్చుంటూ. “ఇప్పటి నుంచి ఈ ప్రసారం కంపెనీ వారి డీజిలుతో నడుస్తోంది. గోర్గోనియో గారికి మన ఊరి తరఫున కృతజ్ఞతలు. ఇక మళ్లీ వాళ్ల బావమరిది దగ్గరికొద్దాం.”

మెట్ల మీద గార్డు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు.

పది కొట్టింది. గోర్గోనియో గడియారం రెండుసార్లు చూసుకుని, లేచి, తుపాకీ భుజానికి తగిలించాడు. ఇప్పుడు వాడికి నవ్వొచ్చింది.

“ఒక్కడు కూడా నా వంతెన దాటలేదు. మీ భూములు పోయినట్టే. ఇక నీ ఇష్టం, ఎంతసేపు అరుస్తావో అరుచుకో.”

“నిజమే, ఒక్కరూ దాటలేదు,” అని సిరియాకక్క మైకు కట్టేసింది.

సరిగ్గా అప్పుడే, నలభై కిలోమీటర్ల అవతల పట్నంలో, ఇళ్లలో రేడియోలు పెట్టి వదిలేసి ముందు రోజే కొండ ఎక్కి దిగి నడిచొచ్చిన అరవై మూడు కుటుంబాల వాళ్లూ, విచారణ గదిలో బురద కాళ్లతో నిలబడి, పేరు పిలిస్తే ఒక్కొక్కరే పలుకుతున్నారు.