నాలుగు కాసుల గొలుసు

"నా గొలుసేదీ?"

గాయత్రి కేకకి కొట్లో ఉన్న ఆడవాళ్ళంతా చేతుల్లోని నగలు వదిలేసి ఇటు తిరిగారు. నేలంతా గొలుసులే. వాటి మధ్య గొంతుక్కూర్చుని నిస్సీ ఒక్కొక్కటే ఏరుతోంది.

తప్పు నిస్సీదే, కాదనడానికి లేదు. గిల్టు నగలకి పేరుపడ్డ బందరు చిలకలపూడిలో వీరాంజనేయులు గారి రోల్డ్ గోల్డ్ నగల కొట్టది. నిస్సీ పనిలో చేరి మూడు వారాలైంది. గుడివాడ నుంచి వచ్చిన గాయత్రి కొత్త హారం వేసుకుని చూసుకుందామని తన మెళ్ళో గొలుసు తీసి కౌంటరు మీద పెట్టింది. సరిగ్గా అప్పుడే పై అరలోంచి ట్రే దించబోతూ నిస్సీ స్టూలు మీద కాలు జారింది. ట్రే కౌంటరు మీద పడి, అక్కడున్న గొలుసుని కూడా వెంటబెట్టుకుని కిందకి దూకింది.

"ఇదిగోండమ్మా, దొరికింది." నిస్సీ కుప్పలోంచి కాస్త మాసిన గొలుసొకటి తీసి ఇచ్చింది.

గాయత్రి దాన్ని అందుకుంది. ఒకసారి గొలుసు వంక, ఒకసారి కింద కుప్ప వంక, ఒకసారి గల్లాపెట్టె దగ్గరున్న వీరాంజనేయులు వంక చూసింది. అంతే, గొలుసుని కౌంటరు మీదకి గిరాటేసింది.

"ఇదా నాది? ఇది గిల్టు! నాది నాలుగు కాసుల బంగారం. ఎవరో మెరుగు పెట్టమని ఇచ్చిన పాత గొలుసు నాకంటగడతావా?"

మెరుగు పెట్టడానికి వచ్చిన పాత గొలుసులు ఆ ట్రేలో నాలుగైదు ఉన్న మాట నిజమే. కెమెరా చూద్దామంటే, కెమెరాలో గిల్టూ బంగారమూ ఒక్కలాగే మెరుస్తాయి. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. గాయత్రి నాలుగు కన్నీటి చుక్కలు కూడా కలిపి అతికించింది.

"సాయంత్రం లోపు నా బంగారం ఇక్కడ పెట్టండి. లేదా స్టేషన్‌కి వెళ్తాను. ఈ పిల్ల పేరే రాయిస్తాను!"

వీరాంజనేయులు నిస్సీని పక్కకి పిలిచాడు. "నిజం చెప్పమ్మా. తీసుంటే ఇచ్చెయ్. నేనేమీ అనను."

స్టేషన్ మాట కన్నా ఆ మాటే నిస్సీకి ఎక్కువ గుచ్చుకుంది. పని పోతే పోయింది, ఇంకో కొట్టు చూసుకోవచ్చు. చల్లపల్లి బస్సులో రోజూ కలిసొచ్చే పిల్లలంతా దొంగ పక్కన మేం కూర్చోం అంటే ఏం చేస్తుంది?

"దేవుడి తోడు, నేను తియ్యలేదు బాబాయ్ గారూ. ఆవిడ మెళ్ళోంచి తీసింది ఈ గొలుసే."

వీరాంజనేయులు కాసేపు తల గోక్కున్నాడు. తరవాత సొరుగులోంచి గీటురాయీ, యాసిడ్ సీసా తీసి కౌంటరు మీద పెట్టాడు.

"చూడండమ్మా. బంగారమైతే ఈ రాయి మీద గీసిన గీత నిలుస్తుంది. గిల్టైతే యాసిడ్ చుక్క పడగానే మాయమైపోతుంది. కుప్పంతా గీస్తాను. మీ గొలుసు ఇందులో ఉంటే అదే పలుకుతుంది."

"గీయండి, గీయండి. ఎన్నయినా గీయండి!" అంది గాయత్రి, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

మొదటి గొలుసు గీశాడు. చుక్క వేశాడు. గీత మాయం. రెండోదీ మాయం. పదోదీ మాయం. తన సరుకంతా గిల్టేనని పదిమంది ఎదుట చెమటోడ్చి రుజువు చేసుకున్న వర్తకుడు బందరు మొత్తానికి ఆయనొక్కడే అయ్యుంటాడు. గీత పోయినప్పుడల్లా గాయత్రి మొహం విచ్చుకుంటోంది. నిస్సీ మొహం వాడిపోతోంది.

కుప్ప అయిపోయింది.

"చెప్పానా! నా బంగారం ఇందులో లేదు. ఈ పిల్లే నొక్కేసింది!"

"ఇదొక్కటి మిగిలింది బాబాయ్ గారూ." నిస్సీ కౌంటరు మీదున్న మాసిన గొలుసు తీసి ఇచ్చింది.

"దాన్ని గీసేదేంటి? చూస్తే తెలియట్లా గిల్టని?" అంది గాయత్రి.

వీరాంజనేయులు గొలుసుని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. రాయి మీద గీశాడు. చుక్క వేశాడు. గీత అలాగే ఉంది. కళ్ళజోడు తుడుచుకుని ఇంకో చుక్క వేశాడు. గీత కదల్లేదు, మెదల్లేదు, పచ్చగా మెరుస్తోంది.

"అమ్మా, ఇది బంగారం!" అన్నాడు. "అచ్చమైన బంగారం!"

"స్తోత్రం ప్రభువా!" అని నిస్సీ అరిచిన అరుపు వీధి చివర దాకా వినపడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆ పిల్లకే తెలియలేదు. అంతసేపూ అనుమానంగా చూసిన ఆడవాళ్ళే ముందుకొచ్చి వీపు తట్టారు. వీరాంజనేయులు సిగ్గుపడిపోయి, "నిన్ను అడగకూడని మాట అడిగానమ్మా, మనసులో పెట్టుకోకు," అన్నాడు. నిస్సీ ఎప్పుడో మర్చిపోయింది. ఆనందంతో ఆ పిల్లకి ఒంట్లో బరువే తెలియడం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది వీరాంజనేయులుకి. గొలుసు పట్టుకుని గాయత్రి వైపు తిరిగాడు.

"అవునమ్మా, మీ బంగారాన్ని మీరే గిల్టని విసిరికొట్టారేంటండీ?"

గాయత్రి చటుక్కున చెయ్యి చాపింది. గొలుసు లాక్కుని కళ్ళకద్దుకుని, ఉన్నపళంగా లేచి నిలబడింది.

"చిలకలపూడి అత్తగారు పెళ్ళిలో పెట్టింది గిల్టు కాక మరేమవుతుందనుకున్నా, పన్నెండేళ్ళయినా నల్లబడకపోతే మీ ఊరి పనితనం అనుకున్నా, ఆ మహాతల్లికి ఒక్కనాడు వేడి కాఫీ ఇచ్చిన పాపాన పోలేదు కదండీ నేను!"