గుర్రపుశాలకు క్రిస్మస్ తోరణం

"ముందు ఆ కొవ్వొత్తులు తీయించండి మేడం," అన్నాడు ధర్మతేజ గుమ్మంలోనే ఆగి.

"అవి వెలిగించడానికి కాదు బాబూ. మీరు చూస్తారో లేదో తెలుసుకుందామని పెట్టాను," అంది సోములమ్మ.

ధర్మతేజ విశాఖపట్నంలో పశువైద్యుడు. పండుగ అలంకరణల వల్ల గుర్రాలకు ప్రమాదం జరగకుండా చూడాలని మూగజీవాల సంరక్షణ సంస్థ ఒకటి అతణ్ణి కొండ ఊళ్లకు పంపింది. అనంతగిరి దాటాక కాఫీ తోటల మధ్య జీపు దారి ముగిసింది. అక్కడి నుంచి అతనూ, కొత్త వైరు చుట్టలు భుజాన వేసుకున్న ఎలక్ట్రీషియన్ రవిబాబూ నడిచి ఈ గూడేనికి వచ్చారు. రమ్మని ఉత్తరం రాసింది సోములమ్మే. యాభై దాటిన మనిషి. నేతచీర ఇస్త్రీ మడత చెదరలేదు.

ఊరంతా గుర్రపుశాల అని పిలిచే ఆ రేకుల షెడ్డులో, నిరుడు క్రిస్మస్ నక్షత్రం దగ్గర వైరు అంటుకుంది. మాడిన వాసం ఇంకా నల్లగానే ఉంది.

"ఆ పూట శాల ఖాళీగా ఉంది. ఈసారీ ఖాళీగా ఉంటుందని నేను పూచీ పడలేను. వైరు మారిస్తేనే ఇక్కడ పండుగ. లేదంటే తోరణం విప్పించేస్తాను," అంది సోములమ్మ.

"గుర్రాలు సంతకు వెళ్లాయా?"

నిచ్చెన మీద కాగితపు గొలుసులు కడుతున్న గాసి కిందికి చూశాడు. ఒకప్పుడు ఈ శాలను కనిపెట్టుకుని ఉన్నవాడు అతనే. "ఈయేల సంతే గదండీ," అన్నాడు.

ధర్మతేజ లోపలికి నడిచాడు. ఎండుగడ్డి లేదు. నేల నున్నగా అలికి ఉంది. ఒక్క గిట్ట గుర్తయినా కనిపించలేదు.

"ఇంత శుభ్రమైన శాల నేనెక్కడా చూడలేదు."

"అమ్మగారు ఊరుకోరండి. కాళ్లు కడుక్కుంటేనే లోనికి రానిత్తారు."

"గుర్రాలనా?"

"నన్నయినా సరేనండి."

ధర్మతేజకు నవ్వాలో వద్దో తెలియలేదు. తోరణంలో గుచ్చిన గన్నేరు పూలు చూసి, అవి విషమనీ, గుర్రం కొరికితే ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పాడు.

"తీసెయ్ గాసీ. ఇక్కడ ఏది అందితే అది నోట్లోకే," అంది సోములమ్మ.

"మెరుపు కాగితాలు కూడా తల అందనంత ఎత్తున కట్టాలి మేడం. వైర్లు పైపులో పోవాలి."

"పైది సరే. ఈ కింది ప్లగ్గు మాటేమిటి?"

"మోకాలి ఎత్తున ఉన్నదాని జోలికి గుర్రం రాదు కదా."

"రాకపోవచ్చు. మూయించండి. గడియ కూడా లోపలి వైపు, ఇక్కడికి రావాలి," అంటూ నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపింది. "తలుపు బయటికి తెరుచుకోవాలి."

"లోపలి నుంచి గుర్రం గడియెలా తీస్తుంది మేడం?"

"మంట లేస్తే, బయటి నుంచి తీసేవాళ్లు వచ్చేదాకా కాచుకోవాలా?"

ధర్మతేజ రవిబాబు వైపు చూశాడు.

"మా ఊర్లో మేకలు తీత్తాయి సార్," అన్నాడు రవిబాబు.

"సరే. మొత్తం ఎన్ని ఉంటాయి మేడం?"

"ఇరవై దాకా."

"ఇంత చిన్న శాలలోనా?"

"సర్దుబాటే కదా బాబూ. ఏం చేస్తాం."

కొండజాతి గుర్రాలు పొట్టివి కాబోలని ధర్మతేజ తనకు తానే చెప్పుకున్నాడు. తరువాత ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "ఒక షరతుంది మేడం. శాలలో గుర్రాన్ని ఫొటో తీయకుండా సామాను బిగించకూడదు. దాతలకు చూపించాలి."

నిచ్చెన మీద గాసి చేతులు ఆగిపోయాయి. సోములమ్మ నల్లబడిన వాసం వైపు చూసింది.

"ఒక్కటి చాలునా?"

"చాలు."

"గాసి గుర్రం సంత నుంచి వస్తుంది. ఉండండి."

కాసేపటికి గాసి తమ్ముడు మంగ్లు తెల్ల గుర్రాన్ని తోలుకుని వచ్చాడు. బస్తాలు దించాక పగ్గం పట్టి లాగితే, అది గుమ్మం దగ్గర మొండికేసింది.

"దీనికి లోన అలవాటు లేదండి," అన్నాడు గాసి.

"అవును, అలంకరణ అలవాటు లేదు. అందుకే కొత్త వస్తువులు ఒక్కసారిగా పెట్టకూడదు," అన్నాడు ధర్మతేజ.

సోములమ్మ పగ్గం అందుకుంది. "లోపలికి రా," అంది. ఆ గొంతుకు గుర్రంతో పాటు రవిబాబు కూడా ఒక అడుగు లోపలికి వేశాడు.

"బేగి తీసీండి బాబూ, మళ్లీ దాని మనసు మారిపోద్ది," అన్నాడు మంగ్లు.

ఫొటో అయింది. పని మొదలైంది. పొద్దు వాలే వేళకు కొత్త వైరు పైపులోకి ఎక్కింది, కింది ప్లగ్గు మూసుకుంది, తలుపు బయటికి తిరిగింది. వేడెక్కని బల్బుతో నక్షత్రం వెలిగింది. సోములమ్మ గడియను తానే నాలుగుసార్లు తీసి వేసి చూసుకుంది.

"ఇంతకుముందు ఎవరినీ అడగలేదా మేడం?"

"మూడేళ్లు అడిగాను. అర్జీ మీద అర్జీ. ఒక్కరూ ఈ కొండ ఎక్కలేదు. గుర్రపుశాల అని మీకు రాస్తే వారంలో వచ్చారు."

"మూగజీవాలంటే మనవాళ్లకు జాలి ఎక్కువ మేడం."

"తెలిసింది బాబూ."

"ఈ గుర్రాలు అదృష్టం చేసుకున్నాయి," అన్నాడు ధర్మతేజ సెలవు తీసుకుంటూ. అంత మాటకూ ఆమె ముఖంలో సంతోషం ఎందుకు కనిపించలేదో అతనికి దిగువకు నడిచినంత సేపూ అర్థం కాలేదు.

మర్నాడు ఉదయం సోములమ్మ టీచరు ఆ శాలలో ఒకటో తరగతి హాజరు పిలిచింది.