గీతకు దూరంగా

పడవ ఒడ్డు చేరకముందే ప్రొఫెసర్ నామ్‌గుంగ్ మ్యాపు మీద వేలు పెట్టాడు. "ఈ ఉత్తరపు వాలు గీత తీసెయ్, హేవన్. అక్కడ నేల జారుడు."

"చీటీ తీసినట్టు కంప్యూటర్ వేసిన గీతలు సార్ ఇవి. నచ్చనిది తీసేస్తే పక్షుల లెక్క చెడుతుందని మీరే కదా నేర్పారు," అంది హేవన్.

ఆయన మ్యాపు మీంచి వేలు తీసేశాడు. వెనక నుంచి పడవ నడిపే సరంగు పాన్హో మెడ చాచి మ్యాపు వైపు చూశాడు.

ఆ మనిషి పొద్దుట్నుంచీ హేవన్‌కు నచ్చలేదు. ఈ ఏడే కొత్తగా కుదిరాడు. నవ్వడు. టార్పాలిన్ కింద పార పెట్టుకున్నాడు. అదెందుకని అడిగితే, "ఉంటే మంచిది," అని ఊరుకున్నాడు.

దీవిలో మనుషులుండరు. అంతా సుమ్సే పక్షులదే రాజ్యం. అవి నేలలో బొరియ తవ్వి, దాని చివర ఒక్క గుడ్డు పెడతాయి. దీవంతా వెతికి లెక్కపెట్టడం అయ్యే పని కాదు. అందుకే మ్యాపులో గీత ఉన్నచోట టేపు తిన్నగా పరిచి, దాని వెంట నడుస్తూ, కంటపడిన ప్రతి బొరియా టేపుకు ఎంత దూరంలో ఉందో కొలుస్తారు.

టేపు కొస పట్టుకుంటానని పాన్హో తనంతట తానే వచ్చాడు.

"గడ్డిలో దాగినవాటి సంగతేంటమ్మా?"

"టేపు పక్కనున్నవన్నీ కనిపిస్తాయి సరంగు గారూ. దూరం పోయేకొద్దీ తక్కువ కనిపిస్తాయి. ఆ తగ్గడాన్ని బట్టి మనం చూడకుండా వదిలేసినవి ఎన్నున్నాయో చెప్పొచ్చు."

"అయితే కంటపడనివాటికీ లెక్కుందన్నమాట."

అతనన్న తీరు నచ్చక ఆమె టేపు వెంట నాలుగడుగులు ముందుకు వెళ్లిపోయింది.

మిగతా గీతలు సాఫీగా సాగాయి. ఉత్తరపు వాలులో లెక్క తిరగబడింది. టేపు పక్కన ఒకటీ అరా బొరియలే. దూరంగా కమేలియా పొదల కింద మాత్రం, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుంపుగా ఉన్నాయి.

"రాసుకున్నావుగా, పద," అని తొందరపెట్టాడు ప్రొఫెసర్. చల్లగాలిలోనూ ఆయన మెడంతా చెమట. తల తిరుగుతోందంటూ ఒడ్డుకు దిగిపోయాడు.

భోజనాల వేళ పాన్హో తన కింబాప్ అన్నం చుట్టల్లో సగం హేవన్ ముందుకు జరిపాడు.

"ఆ పొదల కిందే అన్నెందుకున్నాయి?"

"మిగతా నేలంతా వేళ్లు అల్లుకుపోయి గట్టిగా ఉంది. పక్షి కాళ్లకి లొంగదు. అక్కడ వేళ్లు తెగిపోయి మట్టి గుల్లగా ఉంది. ఎప్పుడో ఎవరో తవ్వినట్టున్నారు."

పాన్హో నమలడం ఆపేశాడు. "ఎంత మేర?"

"ఓ మనిషి పడుకునేంత," అంది హేవన్ నవ్వుతూ. అన్నాక ఆమె నవ్వు ఆగిపోయింది.

అతను లేచి పడవలోంచి పార తీసుకున్నాడు. ఆమె వైపు చూడకుండా వాలు ఎక్కిపోయాడు.

హేవన్ పరుగున ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లింది. "సార్, వెళ్లిపోదాం. అతనక్కడ ఏదో పాతిపెట్టాడు. నేనే నోరుజారి చెప్పేశాను. మనకి తెలిసిపోయిందని అతనికి అర్థమైపోయింది."

ఆయన ముఖంలో నెత్తుటిచుక్క లేదు. "పడవెక్కు," అన్నాడు.

ఆమె మణికట్టు పట్టుకుని నీళ్లలోకి లాక్కెళ్లాడు. ఆ పట్టుకు చెయ్యి నొప్పెట్టినా, తోడుగా ఆయన ఉన్నందుకు ఆమెకు ధైర్యంగానే అనిపించింది.

ఇంజనుకు తాళం లేదు. ప్రొఫెసర్ సీట్ల కింద, తాళ్ల కింద, టార్పాలిన్ కింద వెతికాడు.

పైన పార చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత ఆగిపోయింది. పక్షులు కూడా అరవడం మానేసినట్టనిపించింది.

పాన్హో వాలు దిగి వచ్చాడు. ఒక చేతిలో పడవ తాళం. రెండో చేతిలో మట్టి కొట్టుకుపోయిన రబ్బరు బూటు, చిన్నది. హేవన్ ప్రొఫెసర్ వెనక్కి జరిగింది.

పాన్హో నీళ్ల అంచున ఆగాడు. గొంతు పెంచలేదు.

"ప్రొఫెసర్ గారూ, నేను చేపల ఓడ మీద నడిసముద్రంలో ఉండగా మా ఇంటికొచ్చి, మీ వెంట ఈ లెక్కకొచ్చిన మా అమ్మాయి అలకి కొట్టుకుపోయిందని మా ఆవిడతో చెప్పింది మీరే కదా."