ప్రశాంత్ గొంతు

హృషికేశ్ సార్, చచ్చిపోయిన ప్రశాంత్ అరుపును మీరు మీ కంప్యూటర్ ఆటలో పెట్టారు.

నిన్న ఉప్పల్‌లో నా రూములో ఆడి చూశాను. ఆటంతా డాబాల మీద పరుగులు, దూకుళ్లు. ఆడేవాడికి కనబడేవి రెండు చేతులే. అంచు తప్పి పడిపోతే ఒక గొంతు వినబడుతుంది. "అన్నా, చెయ్యియ్యి!" అది ప్రశాంత్ గొంతు.

ఈ ఆట కోసమే నాచారంలో మూతపడ్డ ఫ్యాక్టరీ ఎక్కించి, తలకు కెమెరా, ఛాతీకి మైకు కట్టి మా ఇద్దరినీ దూకించింది మీరు. ఆ పొద్దున అప్పుడే వాన వెలిసింది.

"రేకులు తడిగున్నయి సార్, జర ఆగుండ్రి," అన్నాడు ప్రశాంత్.

"ఏంటి, భయమా? మీ అన్న దూకలేదా? నీ ఊపిరి సరిగ్గా రికార్డు కాలేదు, ఇంకొక్కసారి," నన్ను చూపిస్తూ అన్నారు మీరు.

వాడు దూకాడు.

వీడియో ఆ రోజే చెరిపేశారు. మైకులో పడ్డది మరిచిపోయారు. చాలా సహజంగా ఉందని మీ సౌండ్ వాళ్లు వాడేసుకున్నారు.

వాడు చెయ్యి అడిగింది నన్నే. అవతలి అంచున నేనే ఉన్నాను, అందలేదు. "రీల్స్ కోసం తనే ఎక్కిండు" అని పోలీసుల ముందు సంతకం పెట్టింది కూడా నేనే. ఉద్యోగం పర్మినెంటు చేస్తానన్నారు మీరు.

శుక్రవారం స్టేషన్‌కు వచ్చి, వాడు మీ పనిలోనే చచ్చాడని రాసివ్వండి. వస్తారో రారో గురువారం సాయంత్రంలోగా చెప్పండి. మీరు రాకపోయినా నేను పోతాను. తప్పు చేసినవాళ్లలో నా పేరే ముందు రాయిస్తాను.