ఎవరిది ఎక్కువ?

“ఎవరిది ఎక్కువ?” అని అడిగాడు కండక్టర్, మంచం మీద నుంచి సగం లేచి.

కళ్లద్దాల విద్యార్థి స్టెతస్కోపు మెడలో వేసుకుంటూ ఆగాడు. తెరకి ఇవతల కండక్టర్ మంచం. అవతల, ఇవాళే మొదటిసారి వచ్చిన ఒక అమ్మాయి మంచం. ఇద్దరి గుండెలూ విని రావడం ఈ పూట విద్యార్థులకి అప్పగించిన పని.

“మీదేనండీ,” అన్నాడు విద్యార్థి.

కండక్టర్ మొహం తేటపడింది. మళ్లీ వెనక్కి వాలాడు.

అతని గుండె గదుల మధ్య గోడ ఉండాల్సిన దానికంటే బాగా మందం. ఆ ఇరుకులోంచి రక్తం దూరేటప్పుడు చప్పుడవుతుంది. నడుస్తున్న బస్సులో ఓసారి టిక్కెట్లు కొడుతూ కొడుతూ పడిపోయాడు. అక్కడితో ఉద్యోగం పోయింది. ఆ జబ్బుకి కొత్త మందు పరీక్షిస్తున్న ఈ విభాగానికి ఏళ్లుగా వస్తున్నాడు. అంత స్పష్టంగా వినిపించే గుండె ఇక్కడ ఇంకోటి లేదు. అందుకే ఏ బ్యాచ్ వచ్చినా ముందు అతని దగ్గరికే పంపుతారు. “ముందుకి జరగండి, వెనకవాళ్లకి చోటివ్వండి,” అంటూ వాళ్లని అతనే సర్దుతాడు.

పెద్ద డాక్టరమ్మది ఒక పద్ధతి. మంచం మీద ఉన్నది ఎవరో, ఏమిటో విద్యార్థులకి చెప్పదు. చెవులతోనే తెలుసుకోవాలి.

ఇవాళ విద్యార్థులు ఇక్కడ విని, అటు వెళ్లి, అటే ఉండిపోతున్నారు. తెర కింద నుంచి వాళ్ల బూట్లు కనిపిస్తున్నాయి. తన బస్సు దిగి పక్క బస్సెక్కిన ప్రయాణికుల్ని చూసినట్టు వాటినే చూస్తున్నాడు కండక్టర్. గట్టిగా ఊపిరి పీల్చమని అవతల ఎవరో అంటే ఇక్కడ ఇతని పళ్లు బిగుసుకుంటున్నాయి. బాగా వినిపిస్తోందని ఎవరైనా అంటే కడుపులో మంట.

తర్వాత వచ్చిన విద్యార్థినినీ అదే అడిగాడు, తెర అవతలకి వినపడకుండా గొంతు తగ్గించి. ఆమె ఆలోచించి, ఇద్దరిదీ ఇంచుమించు ఒకలాగే ఉందంది.

“సరిగ్గా విన్నారా? ఉండండి, మళ్లీ విందురుగాని.”

మంచం దిగి, గుంజీ తీసినట్టు కూర్చుని గబుక్కున లేచాడు. అలా లేస్తే చప్పుడు పెరుగుతుందని ఇక్కడే నేర్చుకున్నాడు. కళ్లు తిరిగి మంచం కమ్మీ పట్టుకున్నాడు. ఆమె విని, అవును, ఇప్పుడు మీదే పెద్దగా ఉందని ఒప్పుకుంది.

సిస్టర్ చూసి కోప్పడింది. పడిపోతే ఎవరు లేపాలని అడిగింది. అతను చెవిన పెట్టలేదు. ఇంకో విద్యార్థి రాగానే మళ్లీ కూర్చుని లేచాడు.

ఆ చప్పుడంతా ఒకే కుండలో ఉందని, తను ఎక్కువ తోడేసుకుంటే అవతలివాళ్లకి తక్కువ మిగులుతుందని అతని లోపల ఎక్కడో ఒక పిచ్చి లెక్క నడుస్తోంది. తప్పుడు లెక్కని తెలుసు. తెలిసినా ఆగడం లేదు. ఈ విషయంలో తనకి జోడీగా ఇంకొకరు రావచ్చన్న ఆలోచనని ఇన్నేళ్లూ దగ్గరికి రానివ్వలేదు.

విద్యార్థులకి ఇదంతా సరదాగా ఉంది. తలుపు దగ్గర గుంపుగా చేరారు. జబ్బు దగ్గర కూడా ఈ కుళ్లేమిటని ఒకరు, ఇన్నాళ్లూ హీరోగా ఉన్నవాడికి ఆ మాత్రం ఉండదా అని ఇంకొకరు.

పెద్ద డాక్టరమ్మ వచ్చింది. కండక్టర్ లేచి నిలబడ్డాడు.

“మేడమ్, ఆ పిల్లని పంపించెయ్యండి. మీ పరిశోధనకి నేనొక్కణ్ని చాలనా?”

విద్యార్థులు నవ్వు ఆపుకున్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

“స్కాన్ చూడనివ్వండి.”

“చూశాక ముందు నాకు చెప్పండి.”

ఆవిడ తలూపి, తెర అవతలికి వెళ్లింది. యంత్రం సన్నగా కూత మొదలెట్టింది. గుండె గోడ మందం ఒక గీత దాటితే ఆ అమ్మాయిని పరిశోధనలోకి తీసుకుంటారు. దాటకపోతే ఇంటికి పంపేస్తారు.

కళ్లద్దాల విద్యార్థికి జాలేసింది. వచ్చి పక్కన కూర్చున్నాడు.

“అంత కంగారెందుకండీ? మీ సీటెక్కడికీ పోదు.”

“నా సీటుదేముంది బాబూ. పక్క సీటు ఖాళీగా ఉండాలి.”

ఇంత అసూయని ఇంత తిన్నగా ఒప్పుకున్న మనిషిని విద్యార్థి ఇంతవరకు చూడలేదు.

యంత్రం ఆగింది. పెద్ద డాక్టరమ్మ ఇవతలికి వచ్చి, చేతులు తుడుచుకుని, అతని దగ్గరగా నిలబడింది.

“ఆ అమ్మాయిదే ఎక్కువ,” అంది మెల్లగా. “మీకంటే చాలా ఎక్కువ. మనం కూర్చుని మాట్లాడుకోవాలి.”

కండక్టర్ వెనక్కి చెయ్యి చాపి మంచం కోసం తడుముకున్నాడు. అది వెనకే ఉంది. చేతికి దొరకలేదు.

పందెంలో ఓడినవాణ్ని ఓదార్చినట్టు విద్యార్థి అతని భుజం తట్టాడు. “పోనీలెండి. ఇన్నేళ్లూ మీరేగా ఫస్టు.”

తెర కదిలింది. కండక్టర్ గబగబా మొహం తుడుచుకున్నాడు.

బయటికొచ్చిన ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, “నాదే ఎక్కువటమ్మా, మీ నాన్నని దాటడం అంత తేలికనుకున్నావా?” అన్నాడు.